రాకాసి గుళ్ళు కట్టింది రాకాసులు కాదు



జనవరి వచ్చిందంటే హాస్టళ్ళలో విహారయాత్ర మాట మొదలవుతుంది. ఎక్కడికి అనగానే అందరి నోటా ఒకటే జాబితా: చార్మినార్, గోల్కొండ, జూపార్కు, వీలైతే నాగార్జునసాగర్. అవి చూడదగ్గవే, కాదనను. కానీ ఖమ్మం నుంచి భద్రాచలం అడవి దాకా మన దారిలో ఏముందో తెలియకుండానే పదో తరగతి దాటి వెళ్ళిపోతున్నాం. మన హాస్టల్ యాత్ర ముందుగా మన ప్రాంతపు రాళ్ళ దగ్గరికి వెళ్ళాలన్నది నా అభిప్రాయం.

ఖమ్మం ఖిల్లాతో మొదలుపెడదాం. ఊరి నడుమ గుట్ట మీద ఉంది. 1531లో గోల్కొండ సుల్తాన్ కులీ దీన్ని సీతాపతిరాజు నుంచి గెలుచుకున్నాడు. ఎవరు ఓడారో, ఎవరు గెలిచారో పుస్తకాల్లో ఉంది. ఆ బండలను గుట్ట మీదికి ఎక్కించిన వాళ్ళ పేరు ఒక్కటీ లేదు. బురుజు పక్కన నిలబడి ఒక్కసారి ఆ రాయి బరువు ఊహించండి. చరిత్ర పాఠం అక్కడే సగం అర్థమవుతుంది.

అక్కడి నుంచి నేలకొండపల్లి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. భక్త రామదాసు పుట్టిన ఊరని అందరికీ తెలుసు. ఊరి బయట ఉన్న ఇటుకల దిబ్బల సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. వాటిని జనం విరాటరాజు పేరుతో, కీచకుడి పేరుతో చెప్పుకున్నారు. పురావస్తు శాఖ తవ్వితే బయటపడింది పెద్ద బౌద్ధ స్తూపం, విహారాలు, బుద్ధుడి విగ్రహాలు. 1956 అక్టోబరు 14న అంబేద్కర్ నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ బౌద్ధం వందల ఏళ్ళ కిందటే మన పొలాల మధ్య బతికిందని చెబితే ఆశ్చర్యపోతాం.

ఇక అడవి. మణుగూరు దాటి పినపాక మండలంలోకి వెళ్తే జానంపేట వస్తుంది. పెద్ద పెద్ద ఇసుకరాతి పలకలను నిలబెట్టి గదిలా చేసి, పైన టన్నుల బరువున్న బండను కప్పుగా వేసిన సమాధులు అక్కడ ఉన్నాయి. లోపల రాతి తొట్లు, చుట్టూ గుండ్రంగా పేర్చిన రాళ్ళు. ములుగు జిల్లా తాడ్వాయి మండలం దామరవాయి గుట్ట మీద కూడా ఇలాంటివే ఉన్నాయి. ఇవి ఇనుప యుగం నాటివి. అంటే రాజుల కోటలు లేవక ముందటివి. జనం వీటిని రాకాసి గుళ్ళు అంటారు.

ఈ పేరు మీదే నా అభ్యంతరం. ఇంత పెద్ద బండను మామూలు మనిషి ఎత్తలేడని మనకు నమ్మకం. అందుకే రాకాసులకు ఇచ్చేశాం. దిబ్బను విరాటరాజుకు ఇచ్చాం, కోటను సుల్తానుకు ఇచ్చాం. పనిచేసిన చేతులకు ఏమీ మిగల్చలేదు. కానీ ఆ పలకలను చీల్చింది, దొర్లించింది, ఎత్తింది మనుషులే. తమ చచ్చిపోయిన వాళ్ళ కోసం పదిమంది కలిసి పట్టుబట్టి చేసిన పని అది.

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదటివాణ్ణి. మా తాత తండ్రి పేరు ఏ కాగితంలోనూ దొరకదు. ఈ సంచిక చదివే చాలామంది పరిస్థితీ ఇదే. కాగితం లేనివాళ్ళకు చరిత్ర లేదని ఎవరైనా అంటే ఏం జవాబు చెబుతాం? జానంపేట రాళ్ళను చూపించాలి. వాటి మీద అక్షరం లేదు, అయినా చరిత్రే.

ఆ జవాబు ఎక్కువ కాలం నిలవకపోవచ్చు. గుప్తనిధులు ఉన్నాయని కొందరు సమాధులను తవ్విపోస్తున్నారు. లోపల దొరికేది ఎముకలు, కుండ పెంకులు, ఇనుప ముక్కలు. బంగారం కోసం తవ్వినవాడికి అది చెత్త, మనకు అదే ఆధారం. రాతి కోసం పగలగొట్టేవాళ్ళు మరికొందరు. పగిలిన బండను ఏ చట్టమూ మళ్ళీ అతికించలేదు.

కాపాడాలంటే కంచె వేసి జనాన్ని తరిమితే చాలదు. కోయ గూడేల వాళ్ళకు పోడు భూమి పోతుందేమోనన్న భయం ఎప్పుడూ ఉంటుంది. బోర్డు పాతగానే ఆ భయం రెట్టింపవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చిన హక్కులకు భంగం రాకుండా, గూడెం యువకులకే కాపలా పని, దారి చూపే పని ఇవ్వాలి. వాళ్ళకు జీతమూ గౌరవమూ దక్కితే ఆ రాళ్ళకు వాళ్ళకన్నా మంచి కాపలా లేదు.

డబ్బుల్లేవని, అడవిలో పిల్లల్ని తిప్పడం కష్టమని పెద్దలు అనవచ్చు. ఆ మాటలో నిజముంది. అందుకే మొదటి ఏడు ఖిల్లా, నేలకొండపల్లి ఒక్క రోజులో చూద్దాం. పల్లెవెలుగు బస్సు చాలు. మరుసటి ఏడు పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుంటే పెద్ద తరగతుల వాళ్ళను జానంపేట తీసుకెళ్ళవచ్చు. భద్రాచలంలో రాత్రి బస, పొద్దున దుమ్ముగూడెం ఆనకట్ట. గోదావరిలో పడవలు నడపాలని ఇంగ్లీషు వాళ్ళు మొదలుపెట్టి 1871లో వదిలేసిన పథకానికి అది గుర్తు. ఆడపిల్లల హాస్టళ్ళను కూడా ఈ యాత్రలో కలపాలి. వాళ్ళను గేటు లోపలే ఉంచే జాగ్రత్త ఇక చాలు.

2014లో ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో జిల్లా రెండైంది. మ్యాపులో గీతలు ఎన్నిసార్లు మారినా రాళ్ళు కదల్లేదు. కదలాల్సింది మనమే. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈసారి యాత్ర ఎక్కడికని వార్డెన్ సారు అడిగినప్పుడు చెయ్యెత్తి జానంపేట అనండి.

– ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ.