మధ్యలో కూర్చున్న సర్వర్

రిష్తా మాటలు, జమీన్ తగాదాలు, దవాఖానా రిపోర్టులు... మన ఇళ్లలో అన్నీ ఇప్పుడు ఫోన్‌లోనే. "ఏ యాప్ మీద భరోసా పెట్టొచ్చు భాయ్?" అని నన్ను అడుగుతుంటారు. నా సలహా వేరే. ఇంట్లో కాలేజీ పిల్లలుంటే, పైథాన్‌లో చిన్న చాట్ క్లయింట్, దానికో సర్వర్ రాయమనండి. ఒక్క కంప్యూటర్ చాలు. 127.0.0.1 అని అడ్రస్ ఇస్తే అది తనతో తానే మాట్లాడుకుంటుంది.

సాకెట్ తెరవాలి, సర్వర్‌కి కనెక్ట్ కావాలి, పంపాలి, వినాలి. వినడానికి వేరే థ్రెడ్ పెట్టాలి, లేకుంటే అవతలి జవాబ్ వచ్చేదాకా క్లయింట్ మూగదే. పైగామ్ ఎక్కడ ఖతమైందో టీసీపీకి తెలీదు. రెండు కలిసి రావచ్చు, ఒకటే ముక్కలై రావచ్చు. అందుకే ప్రతి పైగామ్ చివర కొత్త లైన్ గుర్తు పెట్టాలి. (తమాషా చూడండి, యూటీఎఫ్-8లో ఉర్దూ లిపి సలాంకి 8 బైట్లు, తెలుగు సలాంకి 12. అక్షరం మధ్యలో తెగిన ముక్కని చదవబోతే పైథాన్ ఎర్రర్ కొడుతుంది.)

అసలు సబక్ సర్వర్ స్క్రీన్ మీద ఉంది. అమ్మీకి పంపిన మాట ముందు అక్కడే పడుతుంది, ప్రింట్ చేయిస్తే హర్ఫ్ హర్ఫ్ చదవొచ్చు. లిఫాఫా లేని పోస్ట్ కార్డే అది. క్లయింట్‌లోనే తాళం వేసి, చాబీ సర్వర్‌కి ఇవ్వకపోతే సంగతి వేరు. అప్పుడు కూడా ఎవరు ఎవరికి, ఎప్పుడు పంపారో దానికి మాలూమే. ఇది కళ్లారా చూసిన పిల్ల యాప్ ఇష్తెహార్ చూసి పడిపోదు, "చాబీ ఎవరి దగ్గరుంది?" అని అడుగుతుంది.

ఆ తాళం మాత్రం పిల్లల్ని సొంతంగా కనిపెట్టనివ్వకండి, ఏళ్లుగా పరీక్షకు నిలిచిన లైబ్రరీ వాడమనండి. ఇంటి రాజ్ మాటలు ఆ క్లయింట్‌లో పంపొద్దు, సలాం దువా చాలు.