పెరటి చెట్టా, పొరుగింటి పుల్లకూరా?

భారత ఫుట్‌బాల్ జట్టు ఓడిన ప్రతిసారీ ఒకటే రభస. కోచ్ విదేశీయుడైతే 'మన కుర్రాళ్ల సంగతి ఆయనకేం తెలుసు?' అంటారు. మనవాడైతే 'ఈయనకు అంత అనుభవం ఎక్కడిది?' అని పెదవి విరుస్తారు. 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్‌ను కోచ్‌గా నియమించినప్పుడు మన కోచ్ వచ్చాడని సంబరపడ్డారు. అక్టోబర్ 14న గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్ అవకాశం చేజారేసరికి సంబరం కాస్తా సణుగుడైంది.

'మనోడా, బయటోడా' అన్న ప్రశ్న పావగడ తాలూకా బలసముద్రం వాసులకు కొత్త కాదు. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసులో కాగితం కన్నడం. బలసముద్రం, తిరుమణి సహా ఐదు ఊళ్ల పరిధిలో సుమారు 13 వేల ఎకరాల్లో సోలార్ పార్కు వచ్చాక, స్థానికులకే ముందు ఉద్యోగాలివ్వాలన్న మాట గట్టిగా వినిపించింది. అందులో న్యాయముంది. భూములిచ్చింది వాళ్లే కదా! జట్టు కోచ్ పదవి అలాంటిది కాదు. అది ఎవరికీ పరిహారంగా ఇచ్చేది కాదు, పని తెలిసినవాడికి అప్పజెప్పాల్సింది.

మనవాళ్లకు చేతకాదనేవారు హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీంను గుర్తు చేసుకోవాలి. బడిపంతులుగా జీవితం మొదలుపెట్టిన ఆయన శిక్షణలోనే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. రహీం గొప్పదనం ఆయన భారతీయుడు కావడంలో లేదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ విజేతగా నిలిపిన అనుభవం ఆయనది. 1963లో ఆయన కన్నుమూశాక 1964 ఆసియా కప్‌లో జట్టును రన్నరప్‌గా నిలిపింది ఇంగ్లిష్ కోచ్ హ్యారీ రైట్.

ఆ తర్వాత కథ కూడా ఇంతే. 27 ఏళ్ల విరామం తర్వాత 2011లో భారత్‌ను ఆసియా కప్‌కు చేర్చిన బాబ్ హాటన్ ఇంగ్లండ్ వాడే. అంతకుముందే చైనా, ఉజ్బెకిస్తాన్ జట్లను నడిపి ఆసియా ఆటను ఆకళింపు చేసుకున్నాడు. క్రొయేషియా వాడైన ఇగోర్ స్టిమాచ్ శాఫ్ ట్రోఫీలు గెలిపించాడు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో మాత్రం ఆయన జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది, ఒక్క గోలూ కొట్టలేదు. స్పెయిన్ వాడైన మనోలో మార్క్వెజ్ హైదరాబాద్ ఎఫ్‌సీని 2022లో ఐఎస్‌ఎల్ విజేతగా నిలిపాడు. అదే మనిషి జాతీయ జట్టుతో ఎనిమిది మ్యాచ్‌లలో ఒక్కటే గెలిచాడు. క్లబ్బులో కోచ్ చేతిలో కుర్రాళ్లు నెలల తరబడి ఉంటారు. జాతీయ శిబిరంలో దొరికేవి కొద్ది రోజులే. అనుభవమంటే ఏదో ఒక అనుభవం కాదు, ఆ పనికి పనికొచ్చే అనుభవం.

ప్రపంచ కప్ మాటేమిటని కొందరు అడుగుతారు. 2022 వరకు జరిగిన 22 ప్రపంచ కప్పుల్లోనూ గెలిచిన జట్టుకు సొంత దేశం కోచే ఉన్నాడు. నిజమే. కానీ ఆ దేశాల్లో పిల్లల జట్ల నుంచి పెద్ద క్లబ్బుల దాకా సొంత కోచ్‌లకు మెట్టు మెట్టునా పని దొరుకుతుంది. మన దగ్గర 2014లో ఐఎస్‌ఎల్ మొదలైతే, ఒక భారతీయుడు పూర్తిస్థాయి ప్రధాన కోచ్ కావడానికి 2021 దాకా పట్టింది. ఆయనే జమీల్. అంతకుముందు 2017లో చిన్న జట్టయిన ఐజాల్‌ను ఐ-లీగ్ విజేతగా నిలిపినా ఆయన అన్నేళ్లు ఆగాల్సి వచ్చింది. పని ఇవ్వకుండా అనుభవం లేదంటే ఎలా? ఇంట గెలవనివ్వకుండా రచ్చ గెలవమన్నట్లుంది.

బయటివాడన్న వేలెత్తిచూపడమూ అంతే అన్యాయం. 1969లో స్పెయిన్ నుంచి అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌ను పక్క జిల్లా జనం పనిని చూసే సొంతం చేసుకున్నారు.

కాబట్టి ఫుట్‌బాల్ సమాఖ్య ఎవరిని ఎంచుకున్నా అడగాల్సినవి మూడే. ఇలాంటి జట్టును ఇంతకుముందు నడిపాడా? మన ఆటగాళ్లు తెలుసా? వాళ్లతో గడపడానికి సమయమిస్తున్నామా? దీంతోపాటు క్లబ్బుల్లో భారతీయ కోచ్‌లకు అవకాశాలు పెరగాలి. లేకపోతే ఓడిన ప్రతిసారీ కోచ్ మారతాడు, పెరటి చెట్టు, పుల్లకూర వాదన మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.