బిగుసుకున్న కీళ్లను చదవాల్సింది మార్కాపురంలోనే

ప్రకాశం జిల్లాలో ఫ్లోరోసిస్ జబ్బును మొదట గుర్తించింది వైద్యులు కాదు, రైతులు. అరకకు కట్టిన ఎద్దులు కీళ్లు పట్టేసి అడుగు వేయలేక సాలులోనే ఆగిపోతుంటే వాళ్లు గమనించారు. కొన్నేళ్లకు అదే బిగువు మనుషుల మెడల్లో, నడుముల్లో కనిపించింది. 1937లో గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, తన సహచరులు సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారితో కలిసి అప్పటి నెల్లూరు జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి రాశారు. అదే ఏడాది ఆయనే మెక్‌రాబర్ట్, ఎక్స్‌రే నిపుణుడు బర్నార్డ్, మన్నాడి నాయర్‌లతో కలిసి మరో పత్రం ప్రచురించారు. తాగే నీరు మనిషి అస్థిపంజరాన్నే మార్చేస్తుందని మన దేశంలో తొలిసారి చెప్పిన పత్రాలివి. డెన్మార్క్‌లో క్రయోలైట్ దుమ్ము పీల్చిన కార్మికుల ఎముకల మీద కై రోహోల్మ్ పెద్ద గ్రంథం వెలువరించిందీ 1937లోనే. అక్కడ జబ్బు ఫ్యాక్టరీ గోడల మధ్య ఉంది. ఇక్కడ ఊరి బావిలో ఉంది.

దర్శి, పొదిలి, కనిగిరి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి 1970లో ఒకే జిల్లాలోకి వచ్చాయి. జిల్లా సరిహద్దులు ఎన్నిసార్లు మారినా భూగర్భం మారదు. కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలున్నాయి. వానలు తక్కువ, బోర్లు లోతు. రాతిలో ఎక్కువ కాలం నిలిచిన నీరు ఆ ఖనిజాన్ని కరిగించుకుని పైకి వస్తుంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. మన ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము లోపు ఉంటేనే మేలు.

లోపలికి వెళ్లిన ఫ్లోరైడ్ ఏం చేస్తుందో శరీర నిర్మాణ శాస్త్రం చాలా స్పష్టంగా చెప్పింది. ఒంట్లో నిలిచిపోయే ఫ్లోరైడ్‌లో దాదాపు 99 శాతం ఎముకలు, పళ్లలోనే ఉంటుంది. ఎముకలోని కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికంలోకి చొరబడి దాన్ని మరింత దట్టంగా, సులభంగా కరగని రూపంలోకి మారుస్తుంది. ఎముక బరువెక్కుతుంది కానీ పెళుసవుతుంది. అసలు నష్టం ఎముక అంచుల్లో జరుగుతుంది. కండరం, లిగమెంట్ ఎముకకు అతుక్కునే చోట సున్నం పేరుకుంటుంది. వంగాల్సిన తాడు గట్టి పుల్లగా మారినట్టు ఆ లిగమెంట్ బిగుసుకుపోతుంది. మోచేతి కింద రెండు ఎముకల్ని కలిపి ఉంచే పల్చటి పొర ఎక్స్‌రేలో తెల్లగా కనబడితే వైద్యులు ముందుగా ఫ్లోరోసిస్‌నే అనుమానిస్తారు. మామూలు కీళ్లవాతంలో ఆ పొర జోలికి జబ్బు రాదు. వెన్నుపూసల వెంట ఉండే లిగమెంట్లు గట్టిపడితే మెడ తిరగదు, నడుము వంగదు. వెన్నుపాము నడిచే గొట్టం ఇరుకైతే కాళ్లు చచ్చుబడతాయి. ఈ నరాల నష్టం గురించి హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి దశాబ్దాల పాటు రాశారు. ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ ఉంది. కానీ గట్టిపడ్డ ఎముకను వెన్నుపాము పక్కనే తొలచడం కష్టం, అందరికీ ఫలితం దక్కదు.

ఇంత తెలిసిన శాస్త్రం ఊళ్లో ఎందుకు పనిచేయడం లేదు? నడుము పట్టేసిందని వచ్చిన మనిషికి ఆర్‌ఎంపీ ఇచ్చేది సూది, నొప్పి బిళ్లలు. కూలిపని ఆగకూడదు కాబట్టి ఆ బిళ్లలు ఏళ్ల తరబడి నడుస్తాయి. పెద్దవాళ్లలో ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్‌లో పెద్ద భాగాన్ని బయటకు పంపేది మూత్రపిండాలే. నొప్పి బిళ్లలు ఎక్కువైతే దెబ్బతినేదీ అవే. వాటి పని తగ్గితే ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువగా ఎముకల్లో చేరుతుంది. ఈ చక్రాన్ని పడమటి మండలాల్లో ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. పేదరికం దీన్ని మరింత ముదురుస్తుంది. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లలకు కాళ్లు వంకరపోయే ప్రమాదం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్ ఫ్లోరైడ్ గ్రామాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడం గురించి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లోనే లాన్సెట్‌లో రాశారు.

జబ్బును ముందుగా పట్టుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమనాలి, గడ్డాన్ని రొమ్ముకు ఆనించమనాలి, రెండు చేతులూ తల వెనక్కు పెట్టమనాలి. ఒకటి నడుమును, ఒకటి మెడను, ఒకటి భుజాలను పరీక్షిస్తుంది. ఆశా కార్యకర్తకు ఒక్కపూటలో నేర్పవచ్చు. పిల్లల పళ్ల మీద ఫ్లోరైడ్ గార కనబడిన ఊళ్లో ఈ మూడు పరీక్షలూ తప్పక జరగాలి. లిగమెంట్‌లో ఒకసారి చేరిన సున్నాన్ని కరిగించే మందు లేదు. నీళ్లు మార్చడం, పాలు, ఆకుకూరలు అందించడం, కీళ్లు పూర్తిగా బిగుసుకోకముందే ఫిజియోథెరపీ మొదలుపెట్టడం, ఇవే చికిత్స.

ఇకపై జరగాల్సిన పరిశోధన వేరు. ఏ లిగమెంట్ ముందు గట్టిపడుతుంది? ఏ వయసులో? మంచి నీళ్లు అందాక ఆ మార్పు ఎంతవరకు ఆగుతుంది? వీటికి జవాబు ఒకే ఊరి మనుషుల్ని ఏళ్ల తరబడి చూస్తేనే దొరుకుతుంది. అది హైదరాబాద్‌లో కూర్చుని చేసే పని కాదు. మార్కాపురానికి ప్రభుత్వ వైద్య కళాశాల మంజూరైంది. దాని నిర్వహణ ఎవరి చేతిలో ఉండాలన్న వాదన సాగుతోంది, సాగనివ్వండి. ఆ కళాశాల అనాటమీ, రేడియాలజీ విభాగాలు మాత్రం ఈ ప్రాంతపు అస్థిపంజరాన్ని తమ మొదటి పాఠంగా పెట్టుకోవాలని గట్టిగా అడుగుతున్నాను. దేహదానం చేసేవారి శరీరాల్లో గట్టిపడ్డ లిగమెంట్లను జాగ్రత్తగా పరిశీలించి నమోదు చేస్తే, రేపు సర్జన్ ఏ పూస దగ్గర ఎంత తొలచాలో తెలుస్తుంది.

ఈ పనికి గడువు కూడా ఉంది. కృష్ణా నీటిని నల్లమల కిందుగా తెచ్చే వెలిగొండ ప్రాజెక్టు జంట సొరంగాల పొడవు ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్లు. వాటిని 2024 మార్చిలో ప్రారంభించారు. ఆ నీరు పడమటి మండలాల ప్రతి కుళాయికీ చేరాలి. చేరకముందే ఆయా ఊళ్లలోని బడి పిల్లల పళ్లు, మోకాళ్లు పరీక్షించి, పెద్దవాళ్ల మోచేతుల, వెన్నుల ఎక్స్‌రేలు తీసి, బోరు నీటి లెక్కతో కలిపి భద్రపరచాలి. ఎముక నుంచి ఫ్లోరైడ్ తగ్గడానికి ఏళ్లు పడుతుంది. నీరు మేలు చేసిందో లేదో, ఎవరికి ఎంత చేసిందో చెప్పగలిగేది ఆ పాత ఎక్స్‌రేలే. నీళ్లు మారాక వాటిని తీయడం కుదరదు.