నకలు బండి - అసలు వేగం

మన భాషలో 'నకలు' అనే మాటకు రెండు ముఖాలున్నాయి. కచేరీలో దస్తావేజుకు నకలు తీయిస్తే ముద్ర వేసి ఇస్తారు; అది గౌరవమైన కాగితమే. దాని చుట్టమైన 'నకిలీ' అనే మాట వినబడితే మాత్రం పోలీసులు వస్తారు. తాళపత్రాల కాలంలో ఒక పుస్తకం చూసి మరొకటి వ్రాసుకుంటే దాన్ని 'ప్రతి' అనేవారు. వ్రాసినవాడు చివర తన పేరూ, వ్రాసిన సంవత్సరమూ చెప్పుకుని, తప్పులుంటే మన్నించండని పండితులను వేడుకునేవాడు. కవిని నేనేనని చెప్పుకోలేదు కనుక ఆ ప్రతికి పరువు దక్కింది.

ఇంత ఉపోద్ఘాతం యెందుకంటే, ఈ వారం నేను చెప్పబోయేది ఒక నకలును గురించే. అది పుస్తకం కాదు, మోటారు కారు.

దాని మాతృక పేరు ఏ.సి. కోబ్రా. లండను దగ్గర థేమ్స్ డిట్టన్ లో ఏ.సి. కార్స్ అనే చిన్న కంపెనీ 1953 నుంచీ 'ఏస్' అనే రెండు సీట్ల తేలిక కారు తయారు చేస్తుండేది. అక్కడ సముద్రానికి ఆవల, టెక్సాస్ రాష్ట్రంలో 1923లో పుట్టిన కరోల్ షెల్బీ అనే ఆయన కోళ్ళ వ్యాపారంలో చేయి కాల్చుకుని, పందెపు కార్లు తోలి పేరు తెచ్చుకున్నాడు. 1959లో ఫ్రాన్సులోని లే మాన్ 24 గంటల పందెంలో రాయ్ సాల్వడోరితో కలిసి గెలిచాడు. గుండెజబ్బు వల్ల ఆ మరుసటి సంవత్సరంతో పందేలు మానుకోవలసి వచ్చింది. తోలడం మానినవాడు తయారు చేయించడం మొదలుపెట్టాడు. ఏ.సి. వారి తేలిక బండిలో ఫోర్డు వారి ఎనిమిది సిలిండర్ల ఇంజను పెట్టించాడు. 1962లో కోబ్రా బయటికి వచ్చింది. ఆ పేరు తనకు కలలో కనిపించిందని ఆయన చెప్పేవాడు. చేతిలో ఒక్క బండే వున్న రోజుల్లో, ఒక్కొక్క పత్రికవారికి చూపించే ముందు ఒక్కొక్క రంగు వేయించి, బోలెడు బండ్లు తయారైనట్లు భ్రమ కల్పించాడట! పెళ్ళివారి ముందు యెరువు నగలు మార్చి మార్చి పెట్టుకునే ఉపాయం మన వాళ్ళ సొత్తే అనుకున్నాను నేను.

1965లో దీనికి 427 ఘనపుటంగుళాల ఇంజను అమర్చారు. అంటే 7 లీటర్లు. మన వీధుల్లో తిరిగే చిన్న కార్ల ఇంజను ఒక లీటరు, ఒకటింబావు లీటరు వుంటుందని గుర్తు తెచ్చుకుంటే సంగతి బోధపడుతుంది. బలం నాలుగు వందల అశ్వశక్తికి పైమాట. బండి బరువు మాత్రం టన్నుకు కాస్త యెక్కువ. యేనుగు బలం తెచ్చి లేగదూడకు కట్టినట్లు!

అసలు కోబ్రాలు అన్ని రకాలూ కలిపి వెయ్యికి అటూ ఇటూగా తయారయ్యాయి. వాటిలో మొట్టమొదటిది 2016లో వేలానికి వస్తే 1 కోటి 37 లక్షల 50 వేల డాలర్లకు పోయింది. అంత డబ్బు యెవరి దగ్గర వుంటుంది? అందుకే నకళ్ళు పుట్టాయి. ఇనుప గొట్టాల చట్రం, ఫైబరు గ్లాసు ఒళ్ళు, లోపల ఎనిమిది సిలిండర్ల ఇంజను. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఒక కంపెనీ 1995 నుంచీ విడిభాగాలు పెట్టెల్లో పెట్టి పంపుతున్నది. కొన్నవాడు తన గ్యారేజీలో తానే కూర్చుకోవచ్చు. దక్షిణాఫ్రికాలో పూర్తిగా కూర్చి, ఇంజను తప్ప అన్నీ బిగించి పంపేవారూ వున్నారు. ఒక్కమాట. మాతృక కూడా పూర్తిగా మాతృక కాదు. 'ఏస్' ఒంటి తీరుకు ఫెరారీ వారి పాత బండి ఒకటి ఒరవడి. 427 అని అమ్మిన అసలు కార్లలోనే కొన్నిటికి 428 ఇంజను పెట్టారు. సాహిత్యంలో లాగానే ఇక్కడా కేవల స్వతంత్ర రచన అరుదు.

ఈ గొడవంతా నాకు యెట్లా అంటుకున్నదంటారా? మా అక్కయ్య కొడుకు డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉద్యోగం చేస్తున్నాడు. రెండేళ్ళపాటు సెలవు రోజులన్నీ గ్యారేజీలో గడిపి ఇట్టి బండి ఒకటి కూర్చుకున్నాడు. 2023 వేసవిలో నేను అమెరికా బయలుదేరుతుంటే అక్కయ్య నన్ను రాయబారిని చేసింది. "ఒరే తమ్ముడూ, వాడు ఆ పాముకారు అమ్మేదాకా నాకు నిద్ర పట్టదురా. పన్నెండేళ్ళ పిల్లాడున్నాడు. నా మాట యెట్లాగూ వినడు. నువ్వు మేష్టరువి, నువ్వు చెప్పు" అన్నది.

నేను చెప్పకముందే వాడు చెప్పాడు. "మావయ్యా, మీరు రోజూ యెక్కే కారులో మీ కాలికీ చక్రానికీ మధ్య ఒక కంప్యూటరు కూర్చుని వుంటుంది. మీరు బ్రేకు గట్టిగా తొక్కితే చక్రం బిగుసుకుపోకుండా అది చూసుకుంటుంది. చక్రం జారితే ఇంజను బలం తగ్గిస్తుంది. బండి పక్కకు తిరిగితే సర్దుతుంది. అన్నీ తప్పినా గాలిసంచి వున్నది. నా బండిలో ఇవేవీ లేవు. నా కాలు యెంత చెబితే చక్రం అంతా చేస్తుంది. అది నా తప్పును దిద్దదు."

ఈ మాటలో మొత్తం శాస్త్రమంతా వున్నది. ఒళ్ళు నకలు కావచ్చు. పేరు నకలు కావచ్చు. ఏడు లీటర్ల ఇంజను బలానికి మాత్రం నకలు లేదు. అది అసలుదే. గోడకు గుద్దుకుంటే ఆ దెబ్బా అసలుదే.

ఈ బండ్లు దెబ్బతినే తీరు చాలాసార్లు ఒక్కటేనట. పందెపు మైదానంలో కాదు, నూరు మైళ్ళ వేగంలోనూ కాదు. ఆదివారం పొద్దున కార్లవాళ్ళంతా ఒకచోట చేరి, కాఫీ త్రాగి, ఇళ్ళకు బయలుదేరేటప్పుడు! గేటు దగ్గర పదిమంది సెల్ ఫోనులు పట్టుకుని నిలబడి వుంటారు. టైర్లు చల్లారి వున్నాయి. వాళ్ళకోసం ఒక్కసారి యాక్సిలరేటరు తొక్కుతాడు. వెనక చక్రాలు పట్టు తప్పి తోక పక్కకు తిరుగుతుంది. భయపడి కాలు తీసేస్తాడు. దానితో చక్రాలకు ఒక్కుమ్మడిగా పట్టు దొరికి, ముక్కు యెటు వున్నదో అటు బండి దూసుకుపోతుంది. అటు వున్నది చెట్టా, మనుషులా అన్నది దైవాధీనం. యాక్సిలరేటరు తొక్కించింది ఇంజను కాదు, చప్పట్లు.

మా వాడు పెట్టుకున్న నియమాలు నేను కళ్ళారా చూశాను. మొదటి ఆరు నెలలు పక్క సీటులో యెవరినీ కూర్చోబెట్టలేదు. పందెపు మైదానంలో పాఠం చెప్పేవారి దగ్గర రుసుము కట్టి, బండి జారితే యెట్లా సర్దాలో నేర్చుకున్నాడు. బయలుదేరిన పది మైళ్ళదాకా, టైర్లు వేడెక్కేదాకా, ముసలి ఎద్దుబండిలాగే పోతాడు. వాన చినుకు పడితే గ్యారేజీ తలుపు తియ్యడు. మలుపులో వుండగా గేరు మార్చడు. సిగ్నలు దగ్గర పక్కబండి కుర్రవాడు ఇంజను రేపి పందేనికి పిలిస్తే, చెయ్యి వూపి వాణ్ణి ముందుకు పోనిస్తాడు.

టైర్ల సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. ఇట్టి బండి సంవత్సరానికి వెయ్యి, రెండు వేల మైళ్ళు తిరిగితే గొప్ప. కనుక టైరు అరగదు. చూపుకు కొత్తగానే వుంటుంది. లోపల రబ్బరు మాత్రం యేళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పట్టు పోగొట్టుకుంటుంది. టైరు పక్కన నాలుగంకెలు ముద్రించి వుంటాయి. '2319' అని వుంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మావాడు గాట్ల లోతు చూసి వూరుకోడు. ఆ తేదీ చూసి టైర్లు మారుస్తాడు. చదువరులు తమ ఇంటి కారుకు కూడా ఈ అంకెలు చూసుకోవచ్చును. తాతగారి కారు షెడ్డులో వున్నంత మాత్రాన టైర్లకు చిరంజీవిత్వం రాదు.

ఇంకొకటి. ఈ బండికి పొగగొట్టాలు రెండు పక్కలా, తలుపుల కిందుగా వుంటాయి. దిగేటప్పుడు మరిచిపోయి కాలు ఆనిస్తే పిక్క కాలి మచ్చ పడుతుంది. దాన్ని అక్కడివాళ్ళు 'పాము కాటు' అంటారు. మా వాడి భార్య నన్ను ముందే హెచ్చరించింది. "మావయ్యగారూ, పంచెతో యెక్కకండి. ప్యాంటు వేసుకోండి. దిగేటప్పుడు కాలు దూరంగా చాపండి" అన్నది. చెప్పినట్లే చేసి పిక్కలు దక్కించుకున్నాను. ఆ యెండలో, ఆ హోరులో, కప్పు లేని బండిలో కూర్చుంటే ఆనందంగా లేదంటే అబద్ధమవుతుంది. కాని నా తల యెదురువచ్చే పెద్ద బండ్ల చక్రాల యెత్తున వున్నది. ఆ బండివాడికి మనం కనిపించామో లేదో మనమే చూసుకోవాలి. పక్కన వచ్చేవాడు ఫోటో తీసుకుంటూ తన దారి తప్పి మన మీదికే రావచ్చు. అందమైన వస్తువుకు దిష్టి తగులుతుందని మన ముత్తవ్వలు అన్నది ఇట్లాంటి దిష్టినే కాబోలు!

లెక్క కూడా వొకటి చెబుతాను. గంటకు 60 మైళ్ళ వేగమంటే క్షణానికి 27 మీటర్లు. 'అయ్యో' అనుకుని కాలు బ్రేకు మీదికి వెళ్ళేలోపలే అంత దూరం పోతాము. వేగం రెట్టింపయితే గుద్దుడులోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ 60 మైళ్ళ వేగాన్ని కోబ్రా నాలుగు, నాలుగున్నర సెకన్లలో అందుకుంటుంది. ఆలోచన వచ్చేలోపల వేగం వచ్చేస్తుందన్నమాట. కనుక ఆలోచన బండి యెక్కకముందే జరిగిపోవాలి.

ప్రభుత్వాలు చూసుకోవా అంటే, కొంతమటుకు చూసుకుంటాయి. ఇంగ్లండులో 1964లో ఏ.సి. వారు లే మాన్ పందెానికి సిద్ధమవుతూ తమ కోబ్రాను తెల్లవారుజామున ఎం-1 రహదారి మీద గంటకు 185 మైళ్ళ ప్రాంతంలో తోలించారు. అప్పటికి అక్కడ వేగానికి హద్దు లేదు గనుక నేరం కాలేదు. 1965 డిసెంబరులో 70 మైళ్ళ హద్దు పెట్టారు. 1967లో దాన్ని ఖాయం చేశారు. ఆ పరుగే దీనికి కారణమని కథగా చెప్పుకుంటారు గాని, పొగమంచులో జరిగిన వరుస ప్రమాదాలే అసలు సంగతి. అమెరికాలో 2015లో చేసిన చట్టం ప్రకారం చిన్న కంపెనీలు సంవత్సరానికి 325 దాకా పాతకార్ల నకళ్ళు తయారు చేయవచ్చును. కొత్త కార్లకు విధించే భద్రతా నిబంధనలలో చాలావాటి నుంచి వాటికి మినహాయింపు ఇచ్చారు. దీని అర్థం ప్రమాదం మినహాయింపు అయిందని కాదు. తయారుచేసినవాడి మీద నుంచి దించిన బరువును తోలేవాడి నెత్తిన పెట్టారన్నమాట.

మన దేశంలో సంగతి వేరు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారుచేసినవారు నిర్ణయించిన రూపాన్ని మనం ఇష్టానుసారం మార్చడానికి వీలులేదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే స్పష్టం చేసింది. కనుక పాత జీపుకు ఒళ్ళు మార్చి కోబ్రా చేద్దామని యెవరూ వెల్డింగు షాపుకు పరుగెత్తవద్దు.

నకలు బండి గలవాడికి మరొక ధర్మం వున్నది: నిజం చెప్పడం. పెట్రోలు బంకులో ఒక ముసలాయన మా వాడి బండి చుట్టూ తిరిగి, కళ్ళు మెరుస్తుండగా "అసలుదేనా?" అని అడిగాడు. "కాదండీ, నకలు. నేనే కూర్చాను" అన్నాడు వీడు. ముసలాయన ముఖం చిన్నబోతుందేమో అనుకున్నాను. అదేమీ లేదు. ఇంకా దగ్గరికి వచ్చి, యెట్లా కూర్చావని అరగంట అడిగాడు. రిజిస్ట్రేషను కాగితంలోనూ, ఇన్సూరెన్సు వారికీ అదే నిజం. కాగితంలో ఒకటి, బండిలో ఒకటి వుంటే ప్రమాదం జరిగిన రోజున కుటుంబానికి పైసా రాకపోవచ్చు.

స్నేహితులు "ఒక్క రౌండు తోలి యిస్తాం" అని అడిగితే మావాడు తాళంచెవి ఇవ్వడు. ఇవ్వనందుకు చెడే స్నేహం కన్నా, ఇచ్చినందుకు చెడే స్నేహం పెద్దదని వాడి లెక్క. కొడుకును కూడా బండిలో యెక్కించుకోలేదు. "నడుముకూ భుజాలకూ బెల్టు సరిగా పట్టేటంత యెత్తు పెరగాలి" అన్నాడు. అందాకా ఆ కుర్రవాడి పని వీల్ స్పానరు అందించడం, టైర్లలో గాలి కొలిచి పుస్తకంలో వ్రాయడం. నాకు చూడగా తోలడానికి ముందు నేర్పవలసిన పాఠం అదే.

అక్కయ్యకు ఫోను చేసి, బండి అమ్మించలేదని చెప్పాను. నియమాలన్నీ ఏకరువు పెట్టాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "ఈ నియమాలు వాడికి పదేళ్ళ తరువాత కూడా గుర్తుంటాయా?" అన్నది చివరికి. ఇది గొప్ప ప్రశ్న. భయం మొదటి సంవత్సరం అందరికీ వుంటుంది; అలవాటు పడ్డాక పోతుంది. దానికి నా దగ్గర జవాబు లేదు. వాడి దగ్గరే వుండాలి. ఆ ప్రశ్నను మాటమార్చకుండా వాడికి అందజేశాను. వాడు దాన్ని కాగితం మీద తెలుగులో వ్రాసి, గ్యారేజీలో తాళంచెవులు తగిలించే మేకు పక్కన అంటించాడు.

మన ఇళ్ళలో కోబ్రాలు లేకపోవచ్చు. కాని కాలేజీ కుర్రవాడు పెద్ద మోటారు సైకిలు కావాలని అడగని ఇల్లు యెన్ని వున్నాయి? ఉత్తినే వద్దంటే అలుగుతాడు. సరేనంటే మనకు నిద్ర వుండదు. రెండూ అనకుండా, అయిదు ప్రశ్నలు అడగండి. బ్రేకు యెంత దూరంలో ఆపుతుంది? టైరు యే సంవత్సరానిది? ఎక్కడ నేర్చుకుంటావు? తాళంచెవి అడిగితే యెవరికి ఇవ్వవు? పదిమంది చూస్తున్నప్పుడు యెట్లా తోలుతావు? మొదటి నాలుగింటికీ జవాబు పుస్తకాల్లోనో షాపుల్లోనో తెలుసుకుని చెబుతాడు. అయిదో ప్రశ్నకు వాడు కాసేపు తల గోక్కుంటే సంతోషించండి; ఆలోచిస్తున్నాడన్నమాట.