పాసు ఒకరిది, పొలిమేర వేరొకరిది

2020 మార్చి 25న, కరోనా కారణమున దేశవ్యాప్త లాక్‌డౌన్ ఆరంభమైన తొలినాడే, హైదరాబాదున బంజారా హిల్స్ దాపునున్న అమీర్‌పేట, పంజాగుట్టలలోని హాస్టళ్లు మూతబడుచుండగా, వీధిని బడిన విద్యార్థులును చిరుద్యోగులును తెలంగాణ పోలీసు ఠాణాల యెదుట బారులు తీరి, పాసులు చేతబట్టుకొని, కార్లలోను మోటారు సైకిళ్లపైనను విజయవాడ మార్గమున జగ్గయ్యపేట చెంతనున్న గరికపాడు తనిఖీకేంద్రమును చేరిరి. అచ్చట ఆంధ్రప్రదేశ్ అధికారులు, 14 దినముల క్వారంటైన్‌కు సమ్మతించినగాని అడుగు సాగదనిరి. వ్యాధిభయము నిష్కారణమని మేమనము. కాని ఒక ప్రభుత్వము ముద్రవేసి సాగనంపినవారిని వేరొక ప్రభుత్వము నడిరోడ్డున నిలుపుట యెక్కడి మర్యాద? పాసులపై సంతకములు చేయుటకు మునుపే అవతలివారికి ఒక్క ఫోను చేసియుండిన, జగ్గయ్యపేట పొలిమేరలో ఆ పడిగాపులు తప్పెడివి. హాస్టళ్లను మూయరాదను ఆదేశము, వాహనములు బారులు తీరిన పిమ్మట గాని వెలువడలేదు.