ఎక్కుడు గోడ : నిలుచునా ఈ వ్యాపారము?

మన భాషలో గోడకూ మనిషికీ గల సంబంధం అంత మర్యాదైనది కాదు. మాటమీద నిలువనివాడు గోడమీది పిల్లి. పక్షం మార్చినవాడు గోడ దూకినవాడు. అయితే గోడ ఎక్కడమే ఒక క్రీడగా, ఆ క్రీడకు చోటివ్వడమే ఒక జీవనోపాధిగా నేడు అనేక దేశాలలో వర్ధిల్లుతున్నది. ఆంగ్లంలో దీనిని క్లైంబింగ్ వాల్ అంటారు. తెలుగులో స్థిరపడిన పేరు లేదు గనుక ఈ వ్యాసంలో 'ఎక్కుడు గోడ' అని వ్యవహరిస్తాను.

ఈ ప్రస్తావనకు కారణం మా పూర్వవిద్యార్థి ఒకడు. ఈమధ్య ఇంటికి వచ్చి, "మాస్టారూ, మా నాయన నడిపిన జిన్నింగు మిల్లు షెడ్డు ఖాళీగా పడి ఉంది. రెండెకరాల మిరప చేను అమ్మి అందులో క్లైంబింగ్ వాల్ పెడదామనుకుంటున్నాను. మీరేమంటారు?" అని అడిగాడు. సాహిత్యం బోధించేవానికి వ్యాపారం ఏమి తెలుసునని ఆనాడు తప్పించుకున్నాను. కాని నల్లరేగడి రెండెకరాలంటే ఒక కుటుంబానికి ఆధారం. అందుచేత తెలిసినవారిని అడిగి, చదివి, ఆలోచించి నాకు తోచిన సమాధానం ఇక్కడ వ్రాస్తున్నాను.

ఈ క్రీడ పుట్టుక మనవంటివారికి ఉత్సాహం కలిగించేదే. 1964లో ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయంలో డాన్ రాబిన్సన్ అనే వ్యాయామ ఉపన్యాసకుడు ఒక నడవా గోడలో రాతిముక్కలు పొదిగించి విద్యార్థులకు అభ్యాసం చేయించాడు. 1987లో అమెరికాలోని సియాటిల్ నగరంలో ఇద్దరు మిత్రులు గోడలకు రాళ్ళు అతికించి, రుసుము తీసుకొని ప్రవేశమిచ్చే కేంద్రాన్ని తెరిచారు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు తొలిసారి స్థానం లభించింది. 2024లో పారిస్‌లో 15 మీటర్ల గోడను 5 సెకన్లలోపే ఎక్కినవారిని లోకం చూచింది.

మనకు ఎక్కడం క్రొత్త కాదు. మోకు, ముస్తాదు ధరించి తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుని నేర్పు ఏ క్రీడాకారునికి తీసిపోతుంది? 2014 మే 25న, ఇంకా పదునాలుగేండ్లు నిండని మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరంపై నిలిచింది. గిరిజన కుటుంబంలో పుట్టి, ప్రభుత్వ గురుకుల పాఠశాలలో చదివిన ఆ బాలిక తొలి పాఠాలు నేర్చినది భువనగిరి కొండమీద.

అయితే మనకు కొండవీడు కొండలుండగా షెడ్డులో గోడ ఎందుకని కొందరు ప్రశ్నింపవచ్చు. వేసవిలో మన రాళ్ళు చేయి పెట్టనివ్వవు, వానకాలంలో జారుతాయి, చీకటిపడితే పాముల భయం. తరగతులు, కొలువులు ముగిసిన తరువాత సాయంత్రం వేళ ఒక గంట అభ్యాసం చేయవలెనంటే ఊరిలో నీడపట్టున చోటు కావాలి. ఆ అవసరమే ఈ వ్యాపారానికి మూలం.

ఇక నిర్మాణం సంగతి. గోడలు రెండు విధాలు. తాడుతో ఎక్కే గోడకు పది, పదిహేను మీటర్ల ఎత్తు అవసరం. రెండవది తాడు లేకుండా ఎక్కే పొట్టి గోడ. నాలుగు, నాలుగున్నర మీటర్లు మించదు. క్రింద మందమైన పరుపులు నేలంతా పరచి ఉంటాయి. మిల్లు షెడ్డుకు తగినది ఈ రెండవదే. ఇనుప చట్రానికి 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు బిగించి, పలకల వెనుక వరుసగా నట్లు అమర్చి, ముందువైపు నుండి చేతిపట్లను బోల్టులతో బిగిస్తారు. ఈ చట్రం బరువు పాత ఇటుక గోడపై మోపరాదు. నిర్మాణ ఇంజనీరు లెక్క కట్టి సంతకం చేయనిదే ఒక్క పలకయినా ఎత్తరాదు. పత్తి ఆడిన షెడ్డులో దూలాలపై పేరుకున్న నూగు నిప్పుకు చుట్టం. ముందు దానిని దులపాలి. మిరప టిక్కీలు నిలువచేసిన గోదామైతే ఆ ఘాటు సందులలో దాగి, ఆయాసంతో రొప్పేవాని గొంతు పట్టుకొంటుంది. అటువంటి చోటు వదలుకోవడమే మేలు. మే నెలలో మన రేకుల షెడ్డు కొలిమి. కనుక కప్పు క్రింద గాలి పోయే మార్గాలుంచి, వేసవిలో తెల్లవారుజామున, ప్రొద్దుగుంకిన తరువాత మాత్రమే నడపాలి.

లెక్క చూద్దాం. ఇవి ఊహకు వేసుకున్న అంకెలే. శిక్షకుల జీతాలు, విద్యుత్తు, మరమ్మతులు కలిపి నెలకు 60,000 రూపాయలు ఖర్చనీ, మనిషికి రుసుము 100 రూపాయలనీ అనుకుంటే, నెలకు 600 మంది రావాలి. అనగా రోజుకు 20 మంది. మొదటి నెలలో వింత చూడవచ్చేవారు అంతకు మించే ఉంటారు. అసలు పరీక్ష నాలుగవ నెలలో. ఆరంభశూరత్వం మనకు పాత వ్యాధి గదా! అందుకే అనుభవజ్ఞులు కొన్ని వారాలకొకసారి చేతిపట్లు విప్పి, స్థానం మార్చి, క్రొత్త దారులు కల్పిస్తారు. ఎక్కిన దారినే ఎక్కించే గోడకు ఎవరూ తిరిగి రారు.

ఇంతకంటె ముఖ్యమైనది మనిషి. బావిలో పూడిక తీయడానికి దిగినవాని ప్రాణం ఒడ్డున మోకు పట్టినవాని చేతిలో ఉంటుంది. పొడుగు గోడ దగ్గర తాడు పట్టేవానిదీ అదే బాధ్యత. పొట్టి గోడ దగ్గర ఎలా పడాలో ముందుగా నేర్పేవానిదీ అదే బాధ్యత. వచ్చినవారిచేత కాగితంపై సంతకం పెట్టించుకున్నంత మాత్రాన యజమాని అజాగ్రత్త మాసిపోదు. ఒక్క పిల్లవాని వెన్ను విరిగితే వ్యాపారం మాట అటుంచి, ఊరిలో ముఖమెత్తుకొని తిరగగలమా? అందుచేత చేను అమ్మిన డబ్బులో మొదటి రూపాయి శిక్షణకు పోవాలి. డార్జిలింగులో 1954లో, ఉత్తరకాశిలో 1965లో నెలకొన్న పర్వతారోహణ సంస్థలు నేటికీ ఎక్కడంలో మూలపాఠాలు నేర్పుతున్నవి. యజమాని తానే ముందు విద్యార్థి కావడం ఉత్తమం.

మరొక మాట. మన ఊళ్ళలో మగపిల్లలకు మైదానముంది, వీధి ఉంది. ఆడపిల్లలకు చెమటోడ్చి ఆడుకొనే చోటెక్కడ? మా తరగతిలోని బాలికలను ఈ ప్రశ్న అడిగినప్పుడు సమాధానంగా నవ్వులే వచ్చాయి. నాలుగు గోడల మధ్య, స్త్రీ శిక్షకురాలి పర్యవేక్షణలో, వారికి ప్రత్యేక వేళలు కేటాయిస్తే బురఖా వేసుకొనే ఇంటి తల్లి అయినా, పరికిణీ కట్టే ఇంటి తల్లి అయినా కూతురిని నిశ్చింతగా పంపగలదు. ఇది దాతృత్వం కాదు. ఊరిలో సగం మందిని వాకిట నిలిపివేసే వ్యాపారికి రోజుకు 20 మంది ఎక్కడినుండి వస్తారు?

కనుక నా విద్యార్థికి నా సమాధానం ఇది. నాయనా, రెండెకరాలూ అమ్మవద్దు. అమ్మితే ఒక ఎకరం అమ్ము. ముందు నేర్చుకొనిరా. షెడ్డులో సగభాగాన పొట్టి గోడ కట్టు. విడి మనుషుల రాకపై ఆధారపడక, చుట్టుప్రక్కల పాఠశాలలతో, కళాశాలలతో వారానికొక పీరియడు చొప్పున ఏడాది ఒడంబడిక కుదుర్చుకో. రెండేండ్లు నిలిస్తే అప్పుడు ఎత్తు సంగతి చూద్దాం.

విద్యాసంస్థల పెద్దలకూ నా మనవి ఒకటి. మన పిల్లలకు ర్యాంకుల మెట్లు ఎక్కడం నేర్పుతున్నాం. క్రిందపడినప్పుడు లేవడం నేర్పుతున్నామా? పట్టు తప్పి పరుపుమీద పడి, చేతులు దులుపుకొని, మరల అదే గోడవంక చూచే అలవాటు ఏ పాఠ్యగ్రంథమూ ఇవ్వలేదు. ఆ అలవాటు నేర్పే చోటు మన ఊరిలో వెలిస్తే, వారానికొక పీరియడు ఇవ్వడం మనకు భారం కాదు.