తన సైన్యాన్ని చూసి నవ్వుకున్న దేశం

1940 మే 14 రాత్రి బ్రిటన్ యుద్ధ మంత్రి ఆంటొనీ ఈడెన్ రేడియోలో మాట్లాడాడు. హాలెండులో జర్మన్లు పారాచూట్లతో దిగారు, రేపో మాపో ఇక్కడా దిగవచ్చు, సైన్యంలో లేని మగవాళ్ళలో 17 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళు పేరు రాయించుకోండి అని పిలుపిచ్చాడు. వారం తిరిగేసరికి 2.5 లక్షల మంది చేరారు. జూలై చివరికి ఆ సంఖ్య 15 లక్షలకు దగ్గరపడింది. జీతం లేదు, మొదట్లో యూనిఫారం లేదు, తుపాకీ అంతకన్నా లేదు. డన్‌కర్క్ తీరం నుంచి 3,38,000 మంది సైనికులను ఓడల్లో, పడవల్లో తెచ్చుకోగలిగారు గాని, దాదాపు 2,500 ఫిరంగుల్ని ఫ్రాన్సులోనే వదిలేసి రావాల్సొచ్చింది. ఉన్న ఆయుధాలు అసలు సైన్యానికే చాలవు. అందుకని ముసలివాళ్ళూ కుర్రాళ్ళూ వేటతుపాకులతో, చీపురుకర్రలతో కవాతు చేశారు. 1941లో చర్చిల్ ప్రతి మనిషి చేతిలో ఏదో ఒక ఆయుధం ఉండాలి, ఈటె అయినా సరే అంటే, యుద్ధ కార్యాలయం ఆ మాటను అక్షరాలా పట్టుకుని ఇనుప గొట్టాలకు బాయ్‌నెట్లు అతికించిన ఈటెలు 2.5 లక్షలు చేయించింది.

ఆ దళం పేరు హోమ్ గార్డ్. ఆ దళం మీద బీబీసీ 1968 జూలై 31న మొదలుపెట్టిన హాస్య ధారావాహిక 'డాడ్స్ ఆర్మీ'. జిమ్మీ పెర్రీ, డేవిడ్ క్రాఫ్ట్ కలిసి రాశారు. 1977 దాకా 80 ఎపిసోడ్లు వచ్చాయి. బ్రిటన్ హాస్యాన్ని అర్థం చేసుకోవాలనుకునే మనవాళ్ళకు నేను ముందు చూపించేది దీన్నే. చూడగానే పట్టుబడదు. పొట్టి బ్యాంకు మేనేజరు అరుస్తుంటాడు, ముసలి కార్పొరల్ కంగారుపడుతుంటాడు, అందరూ కలిసి బురదలో పడుతుంటారు. ఇందులో ఆ దేశం అంతగా మురిసిపోవడానికి ఏముంది అనిపిస్తుంది. ఆ నవ్వు వెనక ఉన్న భయం, ఆకలి తెలిస్తేనే అది మన దాకా వస్తుంది.

ఆకలి సంగతే చూడండి. 1940 జనవరి 8న బ్రిటన్‌లో రేషన్ మొదలైంది. ముందు వెన్న, చక్కెర, పందిమాంసం, తర్వాత ఒక్కొక్కటిగా మిగతావి. అది పూర్తిగా ఎత్తేసింది 1954 జూలైలో, అంటే యుద్ధం గెలిచాక ఇంకో తొమ్మిదేళ్ళకు. ఈ ఒక్క విషయం తెలిస్తే చాలు, 'డాడ్స్ ఆర్మీ'లో మాంసం కొట్టు నడిపే ఆ ముసలి కార్పొరల్ జోన్స్‌తో ఊరు ఊరంతా ఎందుకంత మర్యాదగా ఉంటుందో, ఒక సాసేజ్ పొట్లం చేతులు మారడం ఎందుకంత పెద్ద సంఘటనో అర్థమవుతుంది. దొంగ సరుకు అమ్మే వాకర్ ఊళ్ళో అందరికీ కావలసినవాడు, కాని అతని పేరు ఎవరూ పైకి ఎత్తరు. వెలుగు కనబడితే పైనుంచి బాంబు పడుతుందని రాత్రిళ్ళు దీపాలార్పించే వార్డెన్ హాడ్జెస్ కూరగాయల వ్యాపారి. ఒక చిన్న ఊళ్ళో నిన్నటిదాకా పక్కపక్క కొట్లలో ఉన్న మనుషులకు ఒక్కసారిగా ఒకరి మీద ఒకరికి అధికారం వచ్చింది. సగం హాస్యం ఇక్కడే పుడుతుంది.

మిగతా సగం తరగతి భేదంలో ఉంది. దళాన్ని నడిపే ఆ బ్యాంకు మేనేజరు కెప్టెన్ మ్యానరింగ్ కష్టపడి పైకొచ్చిన కింది మధ్యతరగతి మనిషి. అతని కింద సార్జెంటుగా ఉన్న విల్సన్ బ్యాంకులోనూ అతని కిందే పనిచేస్తాడు, కాని పుట్టుకలో, చదువులో, మాటతీరులో పెద్దింటివాడు. జమీందారు కొడుకు గుమాస్తాగా, గుమాస్తా కొడుకు అతని మీద అధికారిగా ఉన్న కచేరీని ఊహించుకుంటే ఆ ఇద్దరి మధ్య ఉక్కపోత మనకూ తెలుస్తుంది. మ్యానరింగ్ ప్రతి ఆజ్ఞలోనూ ఆ నొప్పి వినిపిస్తుంది. విల్సన్ ఎదురు చెప్పడు, మెత్తగా అది మంచిదేనంటారా అని అడుగుతాడు. ఆ మెత్తదనమే అవతలివాణ్ణి చంపుతుంది. శత్రువు ఇరవై మైళ్ళ దూరంలో సముద్రం అవతల నిలబడి ఉంటే వీళ్ళు ఎవరు ఎవరికి సెల్యూట్ కొట్టాలని తగువులాడుకుంటారు. అయినా మ్యానరింగ్ పిరికివాడు కాడు. జర్మన్లు నిజంగా దిగితే ఆ చీపురుకర్రతోనే ఎదురు నిలుస్తాడని చూసేవాడికి ఏ క్షణంలోనూ అనుమానం రాదు. నా లెక్కలో ఈ ధారావాహిక గొప్పదనం అంతా ఆ నమ్మకంలోనే ఉంది.

ఆ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే తెర వెనక్కి వెళ్ళాలి. పెర్రీ పదహారు పదిహేడేళ్ళ వయసులో వాట్‌ఫర్డ్‌లో హోమ్ గార్డ్‌గా చేసినవాడు. జోన్స్ వేషం వేసిన క్లైవ్ డన్ గ్రీసులో జర్మన్లకు చిక్కి నాలుగేళ్ళు యుద్ధఖైదీగా ఉన్నాడు. విల్సన్ వేషధారి జాన్ లే మెజూరియర్ సైన్యంలో కెప్టెన్, అప్పటి మన వాయవ్య సరిహద్దులో పనిచేశాడు. దళంలో మరొకడైన ఫ్రేజర్‌గా నటించిన జాన్ లారీ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, రెండోదానిలో హోమ్ గార్డ్‌లో చేరాడు. అందరిలోకి పెద్దవాడు గాడ్‌ఫ్రే వేషం వేసిన ఆర్నాల్డ్ రిడ్లీ. 1916లో సోమ్ యుద్ధంలో తలకు, చేతికి గాయాలయ్యాయి. ఎడమ చెయ్యి మళ్ళీ సరిగా పనిచేయలేదు. 1939లో ఆయన తిరిగి సైన్యంలో చేరి ఫ్రాన్సుకు వెళ్ళాడు.

1969లో వచ్చిన 'బ్రాండెడ్' అనే ఎపిసోడ్‌ను ఈ సంగతి తెలిసి చూడాలి. ఎలుకను చంపడానికి కూడా మనసొప్పని గాడ్‌ఫ్రే, మొదటి యుద్ధంలో తాను ఆయుధం పట్టనని నిరాకరించానని బయటపెడతాడు. బ్రిటన్ 1916లో నిర్బంధ సైనిక సేవ తెచ్చినప్పుడు అలా నిరాకరించినవాళ్ళు 16 వేల మంది దాకా ఉన్నారు. వాళ్ళలో చాలామంది జైళ్ళకు వెళ్ళారు. వీధిలో పిరికిపందలని ముద్ర వేయించుకున్నారు. దళం గాడ్‌ఫ్రేను వెలివేస్తుంది. ఆ తర్వాత ఒక శిక్షణలో పొగ నిండిన గుడిసెలో చిక్కుకున్న మ్యానరింగ్‌ను ఈ ముసలాయనే ఈడ్చుకొస్తాడు. మంచాన పడ్డ అతణ్ణి చూడ్డానికి వెళ్ళినవాళ్ళకు గోడ మీద ఫొటో కనిపిస్తుంది. అందులో గాడ్‌ఫ్రే ఛాతీ మీద శౌర్యపతకం. ఆయుధం పట్టనన్న మనిషి గాయపడ్డవాళ్ళను మోసే పనికి తానై ముందుకొచ్చి, సోమ్‌లో గుండ్ల వర్షంలోకి వెళ్ళి మనుషుల్ని మోసుకొచ్చాడు. ఆ పాత్రను నటిస్తున్నది అదే సోమ్‌లో గాయపడి, చెయ్యి చెడి బతికి వచ్చిన మనిషి. వారం వారం కోటిమందికి పైగా నవ్వడానికి కూర్చునే ధారావాహికలో, యుద్ధం చేసిన ముసలివాడు యుద్ధం చేయననడానికీ ధైర్యం కావాలని చూపించాడు. ఇంత పని చేసిన యుద్ధ సినిమాలు నేను చాలా తక్కువ చూశాను.

మొదటి ప్రపంచ యుద్ధం మీద వచ్చిన హాస్య ధారావాహిక 'బ్లాకాడర్ గోస్ ఫోర్త్' దారి వేరు. 1989లో ఆరు ఎపిసోడ్లు వచ్చాయి. రాసిన రిచర్డ్ కర్టిస్, బెన్ ఎల్టన్ రెండు యుద్ధాలూ ముగిశాక పుట్టినవాళ్ళు. పెర్రీ తరానికి యుద్ధం జ్ఞాపకం, వీళ్ళకు అది బడిలో చదువుకున్న కవిత్వం, తాతల ఫొటోలు. అందుకే 'డాడ్స్ ఆర్మీ'లో ఆప్యాయత ఉంటే ఇందులో కోపం ఉంది. స్థలం 1917 నాటి పడమటి రంగం కందకాలు. ముందుకు దూకితే చస్తామని తెలిసిన కెప్టెన్ బ్లాకాడర్ ఎలా తప్పించుకోవాలా అని ఎత్తులు వేస్తుంటాడు. వెనక భవంతిలో జనరల్ మెల్చెట్ గెలుచుకున్న నేలకు నమూనా చేయించి చూపిస్తాడు. అసలు నేల ఎంతో నమూనా అంతే ఉంటుంది. ప్రధాన సేనాని హేగ్ బల్ల మీద కూలిన బొమ్మ సైనికుల్ని చీపురుతో చేటలోకి ఊడుస్తాడు. 1916 జూలై 1న, సోమ్ యుద్ధం మొదటి ఒక్క రోజునే, బ్రిటిష్ సైన్యంలో 19,240 మంది చనిపోయారని తెలిసినవాళ్ళకు ఆ చీపురు ఎక్కడ తగులుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అమాయకుడైన లెఫ్టినెంట్ జార్జ్ తనతో కాలేజీ నుంచి కలిసి చేరిన స్నేహితులందర్నీ తలుచుకుని, చివరికి తానొక్కణ్ణే మిగిలానని గ్రహించే సన్నివేశం ఒకటుంది. అప్పట్లో ఒకే ఊరివాళ్ళు, ఒకే ఆఫీసువాళ్ళు కలిసి చేరితే కలిపే ఉంచుతామని సర్కారు మాటిచ్చింది. అలా చేరిన పటాలాలు కలిసే చచ్చాయి. ఉత్తర ఇంగ్లండులోని ఆక్రింగ్టన్ పటాలం నుంచి ఆ జూలై 1న దూకిన దాదాపు 700 మందిలో 580 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా కనిపించకుండా పోయారు. ఒక చిన్న ఊళ్ళో వీధి వీధికీ ఒకేసారి తంతి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. చివరి ఎపిసోడ్‌లో అందరూ కందకం ఎక్కి పరుగెత్తుతారు, ఆ నేల ఎర్రని పాపీ పూల పొలమైపోతుంది. అది ప్రసారమైంది నవంబరు 2న. ఆ నెల 11 యుద్ధ విరమణ దినం. ఆ రోజుల్లో బ్రిటన్‌లో అందరి కోటుకూ చనిపోయిన సైనికుల గుర్తుగా కాగితపు పాపీ ఉంటుంది.

అయితే దీన్నే చరిత్ర అనుకుంటే పప్పులో కాలేసినట్టే. జనరళ్ళంతా భవంతుల్లో దాక్కున్నారన్నది నిజం కాదు. ఆ యుద్ధంలో చనిపోయిన, గాయపడిన, పట్టుబడిన బ్రిటిష్ జనరళ్ళు 200 మందికి పైనే. 1918 ఆగస్టులో ఆమియాన్ దగ్గర జర్మన్ల నడ్డి విరిచింది కూడా ఆ సైన్యమే. 2014 జనవరిలో విద్యామంత్రి మైకేల్ గోవ్ ఇలాంటి నాటకాలు యుద్ధాన్ని వక్రీకరిస్తున్నాయని పత్రికలో రాస్తే, 'బ్లాకాడర్'లో బాల్డ్రిక్ వేషం వేసిన టోనీ రాబిన్సన్ బహిరంగంగా ఎదురు చెప్పాడు. హాస్యం మీద మంత్రి వాదనకు దిగడం, దానికి నటుడు జవాబివ్వడం నాకు మంచి సంగతిగానే తోస్తుంది. వందేళ్ళనాటి చావుల గురించి ఆ దేశం ఇంకా తగువు పడుతోందంటే వాటిని మరిచిపోలేదనే.

బీబీసీ మరో యుద్ధ హాస్య ధారావాహిక 'అలో అలో' గురించి ఒక్క మాట. ఫ్రెంచి ప్రతిఘటన వీరుల్ని వెక్కిరిస్తున్నారని చాలామంది నొచ్చుకుంటారు. అది వెక్కిరించింది బీబీసీవాళ్ళే గంభీరంగా తీసిన 'సీక్రెట్ ఆర్మీ' అనే ధారావాహికను. అది చూడనివాళ్ళకు సగం హాస్యం జారిపోతుంది.

ఇక మనకు దగ్గరి విషయం. పెర్రీ, క్రాఫ్ట్ జంట 1974లో మొదలుపెట్టిన 'ఇట్ ఐంట్ హాఫ్ హాట్ మమ్' నాసిక్ పక్కనున్న దేవలాలీ సైనిక శిబిరంలో మొదలవుతుంది. సైనికుల వినోదం కోసం పాటలు, నాటకాలు వేసే బృందం కథ. పెర్రీ స్వయంగా అలాంటి బృందంలో అక్కడే ఉన్నాడు. కాని రంగీరామ్ అనే భారతీయుడి వేషాన్ని మైకేల్ బేట్స్ అనే తెల్లవాడు ముఖానికి రంగు పూసుకుని వేశాడు. ఝాన్సీలో పుట్టినవాడే, అయినా రంగు రంగే. బీబీసీ దాన్ని ఇప్పుడు మళ్ళీ వేయదు. నన్ను రంగు కన్నా ఎక్కువ బాధపెట్టేది మరొకటి. రెండో యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది. అదంతా స్వచ్ఛందంగా చేరిన బలగం. బర్మాలో జపానును తిప్పికొట్టిన పద్నాలుగో సైన్యంలో అత్యధికులు భారతీయులే. 1943 బెంగాల్ కరువులో లక్షలకు లక్షలు పోయారు. ఇంత జరిగిన నేల మీద కథ పెట్టి, ఆ నేల మనుషుల్ని పంకా లాగేవాళ్ళుగా, టీ తెచ్చేవాళ్ళుగా మాత్రమే చూపించారు. తమ ఊరి మాంసం కొట్టువాడి మీద అంత ప్రేమ ఉన్న ఆ రచయితలకు, దేవలాలీలో పక్కనే నిలబడ్డ మనిషి లోపల ఏముందో తెలియలేదు. తెలిసినవాళ్ళ మీద పుట్టిన నవ్వుకూ తెలియనివాళ్ళ మీద పుట్టిన నవ్వుకూ తేడా ఒకే జంట రాసిన ఈ రెండింటిలో స్పష్టంగా కనబడుతుంది.

ఆ లోపలి కథ రాయాల్సింది మనం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ నెలలోనే మద్రాసులో సర్కారు కచేరీలు లోపలి ఊళ్ళకు తరలాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు వదిలి గుంటూరు చేరింది. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగు కూలీలు అడవుల్లో, కొండల్లో కాలినడకన తిరిగొచ్చారు. చాలామంది దారిలోనే పోయారు. మనకు యుద్ధం మీద కథలు లేకపోలేదు. 2015లో వచ్చిన 'కంచె' సినిమా తెలుగు సైనికుణ్ణి ఇటలీ దాకా తీసుకెళ్ళింది. అయితే మనం యుద్ధమనగానే వీరరసం పడతాం, లేదా కన్నీళ్ళు. బాల్యవివాహమంత దారుణాన్ని పట్టుకుని 1892లోనే గురజాడ 'కన్యాశుల్కం' ఆడించిన విజయనగరం విశాఖకు దూరమేమీ కాదు. ఆ నేలకు ఏడుపుగొట్టు విషయాన్ని నవ్వుతో మోయడం కొత్త విద్య కాదు.

నాకు చూడాలని ఉన్న నాటకం ఇది: 1942 ఆగస్టు, కాకినాడ. దీపాలార్పించే వార్డెన్ పదవి తాలూకా కచేరీ గుమాస్తాకు వచ్చింది. నిన్నటిదాకా అతణ్ణి వాకిట్లో నిలబెట్టిన ప్లీడరుగారింట్లోనే దీపం వెలుగుతోంది. ఊళ్ళో బియ్యం కొట్టు కోమటాయన అందరికీ చుట్టమయ్యాడు. క్విట్ ఇండియా అంటూ జైలుకెళ్ళడానికి సిద్ధమవుతున్న కొడుకు, వార్డెన్ పట్టీ కట్టుకున్న తండ్రి ఒకే పంక్తిలో అన్నానికి కూర్చున్నారు. రంగూన్ నుంచి నడిచొచ్చిన బంధువు ఒకడు వీధరుగు మీద కూర్చుని, బాంబు అంటే ఏమిటో ఇప్పుడిప్పుడే తెలుస్తున్న ఈ ఊరి హడావుడిని చూస్తున్నాడు. వాళ్ళెవర్నీ చిన్నబుచ్చకుండా, రెండున్నర గంటలు జనాన్ని కడుపుబ్బ నవ్వించగల రచయిత కావాలి.